మీరెందుకు నేర్చుకుంటున్నారు?



సంగీతం నేర్చుకుంటామని కొత్తవాళ్లు ఎవరొచ్చినా మా టీచర్లందరం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వయసెంత? ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకున్నారా? వారంలో ఏ రోజులు వీలవుతుంది? ఏదీ, ఒక పాట పాడండి వింటాను. పాడాక శ్రుతి చూసుకుంటాం, ఫీజు మాట్లాడుకుంటాం, మంచిరోజు చూసి సరళీ వరసలు మొదలుపెడతాం. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అని మాత్రం అడగం. అడిగితే ఎదుటివాళ్లని తక్కువ చేసినట్టవుతుందేమోనని మొహమాటం. సరస్వతిని నేర్చుకోవడానికి కారణం కూడా కావాలా అని పెద్దలు కసురుకుంటారని భయం.

నేను బొల్లారంలో పాఠాలు చెప్తుంటాను. ఈ ప్రశ్న అడక్కుండా అక్కడ పాఠం చెప్పడం నా వల్ల కాలేదు. ఆ ఊరి తీరు అలాంటిది. నిజాం కాలంలో ఇంగ్లీషు దొరల చేతికింద ఉండే హైదరాబాద్ కంటింజెంట్ దండు అక్కడ ఉండేది. రెసిడెంటు దొరగారి బంగళాయే ఇవాళ్టి రాష్ట్రపతి నిలయం. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రార్థన చేసి వెళ్లింది అందులోనే. బజారులో తరాలుగా ఉంటున్న తెలుగు, తమిళ, ఉర్దూ కుటుంబాలు. అల్వాల్ వైపు, మేడ్చల్ వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల నిండా ఐటీ ఉద్యోగులు. సర్వీసు అయిపోయాక ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన ఫౌజీలు. రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ మీద వచ్చిపోయే ఆర్మీ కుటుంబాలు. ఒకే సాయంత్రం ఒకే గదిలోకి వీళ్లందరూ వస్తే, ఒకే పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చెప్పుకుంటూ పోతానంటే ఎలా కుదురుతుంది?

బదిలీల మీద వచ్చే పిల్లల సంగతి ముందు చెప్తాను. మా దగ్గర పాఠం చెప్పడంలో ఉన్న చిక్కంతా అందులోనే ఉంది.

ఒక హవల్దారు గారి అమ్మాయి, పన్నెండేళ్లది, జబల్‌పూర్ నుంచి వచ్చింది. అక్కడ కొంత హిందూస్తానీ నేర్చుకుంది. "మ్యామ్, మేం ఇక్కడ రెండేళ్లే ఉంటాం, ఆ తర్వాత ఎక్కడికో తెలీదు" అని వాళ్లమ్మ ముందే చెప్పేసింది. ఎందుకు నేర్చుకుంటావమ్మా అని పిల్లనే అడిగాను. అది చెప్పిన జవాబు నేనెప్పుడూ ఊహించనిది. ప్రతి బదిలీకీ స్కూలు మారుతుంది. కొత్త స్కూల్లో ఎవరూ మాట్లాడరు. పొద్దున ప్రేయర్ పాడే బృందంలో చోటు దొరికితే మాత్రం వారం తిరక్కుండా స్నేహితులు దొరుకుతారు. అందుకని పాట కావాలి. కచేరీ వద్దు, సర్టిఫికెట్ వద్దు. ఏ ఊరికి వెళ్లినా స్నేహితుల్ని సంపాదించిపెట్టే పాట కావాలి.

ఇప్పుడు ఈ పిల్లకి ఏం చెప్పాలి? మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆ పైన డిప్లొమా రెండేళ్లు. ఈ పిల్లకున్నది రెండేళ్లు. నాలుగేళ్ల పాఠ్యక్రమంలో మొదటి సగం చెప్పి పంపిస్తే, అర్ధాంతరంగా ఆగిన చదువే మిగులుతుంది. కాబట్టి ఆ రెండేళ్లకి సరిపడా పాఠం విడిగా అల్లాల్సి వచ్చింది.

అందులో పెద్ద తిరకాసు స్వరాల పేర్ల దగ్గర. మనం మాయామాళవగౌళతో మొదలుపెడతాం. హిందూస్తానీ వాళ్ల భైరవ్‌లో ఉన్నవీ ఆ స్వరాలే. కాని మనం శుద్ధ రిషభం అంటున్నది వాళ్లకి కోమల రిషభం. వాళ్లు శుద్ధ రిషభం అన్నారంటే అది మన చతుశ్రుతి రిషభం. నేను "శుద్ధ రిషభం" అన్నాను, ఆ పిల్ల చక్కగా, నిబ్బరంగా పై రిషభం పాడింది. తప్పు తనది కాదు. తను నేర్చుకున్నదాని ప్రకారం కరెక్టే పాడింది. అప్పటినుంచి దాని నోట్‌బుక్‌లో నిలువుగా గీత కొట్టించాను. ఎడమవైపు మన పేర్లు, కుడివైపు వాళ్ల పేర్లు. మోహన ఎదురుగా భూప్, శంకరాభరణం ఎదురుగా బిలావల్. స్వరాలు ఒకటే అయినా మన మోహన గాంధారం ఊగే తీరు వేరు, భూప్‌లో జారే తీరు వేరు. అది గొంతుతో పాడి చూపించాల్సిందే, రాతకి అందదు. సాహిత్యమంతా దేవనాగరిలో రాయించాను. ఏ పాట ఏ శ్రుతిలో పాడింది, ఏ తాళం, ఎంతవరకు అయింది, అన్నీ అందులో ఉంటాయి. స్కూలు మారేటప్పుడు టీసీ ఇచ్చినట్టు, ఆ నోట్‌బుక్కే ఆ పిల్లకి సంగీతం టీసీ. రేపు ఏ ఊళ్లో ఏ గురువు దగ్గర కూర్చున్నా ఆయన దాన్ని తిరగేసి ఎక్కడినుంచి ఎత్తుకోవాలో తెలుసుకోవాలి.

పాఠంలో సప్త తాళ అలంకారాలు ఉంచాను, వాటికి కర్ణాటక సంగీతం చెప్పే ఏ ఊళ్లోనైనా చెల్లుబాటు ఉంది. రెండు పిల్లారి గీతాలు, నలుగురూ కలిసి పాడదగ్గ రామదాసు కీర్తనలు, ఒక దేశభక్తి గీతం. వర్ణం జోలికి పోలేదు. వర్ణం రాకుండా ఏం సంగీతం అని అడిగేవాళ్లు అడుగుతారు. రెండేళ్లలో సగం వర్ణం కంటే పూర్తిగా వచ్చిన పది పాటలు ఆ పిల్లకి ఎక్కువ పనికొస్తాయని నా లెక్క.

ఐటీ అబ్బాయిల సంగతికొద్దాం. వీళ్లకి దాపరికం లేదు. "మేడమ్, ఆఫీసు యాన్యువల్ డేకి ఒక పాట పాడాలి" అంటారు. ఒకతను మాయాబజార్‌లోని లాహిరి పాట పాడతానన్నాడు. ఫోన్‌లో కరోకే ట్రాక్ పెట్టుకుని పాడాడు. చరణం దగ్గర గొంతు పీక పిసికినట్టయింది. ట్రాకు ఉన్నది అసలు గాయకుల శ్రుతిలో, ఇతని గొంతు ఇతని శ్రుతిలో. మొదటి పాఠం శ్రుతి గురించే. ఆ యాప్‌లోనే రెండు మెట్లు దించి పాడించాను. గొంతు విచ్చుకుంది. నాకు సంగీతం రాదు అనుకుంటూ వచ్చిన మనిషికి, రానిది సంగీతం కాదు, కుదరంది శ్రుతి అని అర్థమైంది.

రెండో వారం, ఆ పాట పల్లవిలో ఎన్ని స్వరాలున్నాయో పట్టుకోమన్నాను. తంబూరా యాప్ పెట్టుకుని తడుముకుంటూ స, రి, గ, ప, ద అన్నాడు. ఇంకా వెతికాడు. మధ్యమం లేదు, నిషాదం లేదు. ఈ ఐదింటిని పట్టుకుని నడిచే రాగం మోహన అని అప్పుడు చెప్పాను. 1957 సినిమా పాట చెయ్యి పట్టుకుని మోహనలోకి తీసుకొచ్చింది. అక్కణ్ణుంచి అదే రాగంలో వరవీణా గీతం. ఆ గీతం రెండో కాలంలో గొంతు తిరగడం లేదని తనే వచ్చి చెప్పాడు, దానికి మందేమైనా ఉందా మేడమ్ అని. ఉంది నాయనా, సరళీ వరసలు, జంట వరసలు అన్నాను. మనం మొదటిరోజు బలవంతాన మింగించేదాన్ని ఇతను ఆర్నెల్లకి తనంతట తనే అడిగి తీసుకున్నాడు. వరసలు వెనక వచ్చాయి, కాని వచ్చాయి. ఇంకొంతకాలం నిలబడితే నిన్నుకోరి వర్ణం ఎదురుచూస్తూనే ఉంది, అదీ మోహనే.

సినిమా పాటతో మొదలుపెడితే గొంతు పాడవుతుందనీ పునాది గట్టిపడదనీ అనేవాళ్లున్నారు. వాళ్ల మాటని కొట్టిపారెయ్యను. ఘంటసాల, సుశీల ఇద్దరూ విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతమే నేర్చుకున్నారు, సినిమా పాట నేర్చుకోలేదు. వాళ్లకి లేని తేడాలు వీళ్లకెందుకు అని అడుగుతారు. మంచి ప్రశ్న. కాని ఆ విజయనగరం కథనే కొంచెం దగ్గరికి వెళ్లి చూడండి.

1919లో మహారాజా విజయరామ గజపతి ఆ కళాశాల పెట్టారు. ఆస్థానంలో ఒక ఉద్యోగి కొడుకు, చూపులేని పిల్లవాడు, అతనికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనలోంచే ఆ కళాశాల పుట్టిందని చెప్తారు. ఒక్క పిల్లవాడి అవసరం చూసి పెట్టిన బడి అన్నమాట. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథకుడు, సంస్కృతం, పారశీకం కూడా చదివిన మనిషి. ఆయన్నే ఏ పాఠ్యక్రమంలోనూ ఇమడ్చలేం. ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ఆయన వాయులీనం విని విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేర్చుకున్నారు. నాయుడుగారు ఆ తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. దరఖాస్తులో ఏం రాసుంది అని కాకుండా మనిషిలో ఏముంది అని చూశారు కనక ఆ పని జరిగింది. ఘంటసాల విషయంలోనూ అంతే. చేతిలో డబ్బు లేకుండా ఆ ఊరు చేరిన కుర్రాడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. మధూకరం ఎత్తుకుని తిన్నాడు, నేర్చుకున్నాడు. సిలబస్ అందరికీ ఒకటే అయుండొచ్చు. ఆ గురువు శ్రద్ధ మాత్రం ఆ కుర్రాడి కొలతకి కుట్టిందే.

దీనికి అటువైపు ఉదాహరణ గాయకుడు బాలుగారు. ఇంజనీరింగ్ చదవబోయి పాటలోకి వచ్చిన మనిషి, శాస్త్రీయ సంగీతం వరసక్రమంలో నేర్చుకోలేదు. శంకరాభరణం సినిమా పాటలు వచ్చేసరికి తను పాడలేనేమోనని జంకారు. కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది దగ్గరుండి ఆ పాటలకి ఏం కావాలో అది నేర్పించారు. ఆ సినిమాకే జాతీయ ఉత్తమ గాయకుడి అవార్డు వచ్చింది. పుహళేంది గారు ఆయన్ని సరళీ వరసల దగ్గర్నుంచి రమ్మని కూర్చోబెట్టి ఉంటే, సినిమా ఎప్పటికి విడుదలయ్యేదో!

ఇక మా పెద్దవాళ్ల క్లాసు. అరవై దాటిన అమ్మలు, మనవలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లు. మధ్యాహ్నం మూడింటికి వస్తారు, కుర్చీల్లో కూర్చుంటారు, మోకాళ్లు ఒప్పుకోవు కనక. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షమందికి పైగా కలిసి అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలు పాడినప్పుడు వీళ్లలో కొందరున్నారు. ఆ రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లకి కావలసింది గుళ్లో, భజన మండలిలో నలుగురితో గొంతు కలపడం. వీళ్లకి నేను నొటేషన్ రాయించను. విని పాడతారు. కష్టమల్లా రెండు చోట్ల. వయసుతో ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఐదు శ్రుతిలో పాడినావిడ ఇప్పటికీ ఐదే అని పట్టుపడుతుంది. నాలుగుకి, ఒక్కోసారి మూడుకి దించడానికి ఒప్పించడమే పెద్ద పాఠం. రెండోది ఊపిరి. పల్లవి మొత్తం ఒక్క ఊపిరిలో రాదు. పదం విరగకుండా ఎక్కడ ఆగాలో పెద్దక్షరాల పుస్తకంలో పెన్సిల్‌తో చిన్న గీత పెడతాం. అన్నమయ్య మాటని మధ్యలో తుంచితే అర్థం ఎటో పోతుంది మరి.

వాళ్లలో ఒకావిడ పాడనే పాడరు. "నాకు గొంతు లేదమ్మా, రేడియోలో కచేరీ వస్తే అదేం రాగమో తెలిస్తే చాలు" అన్నారు. కల్యాణికీ శంకరాభరణానికీ మధ్యమం ఒక్కటే తేడా. ఆ ఒక్క స్వరం చెవికి అందడానికి రెండు నెలలు పట్టింది. పాడకుండా నేర్చుకునే సంగీతం కూడా సంగీతమే. కచేరీలకి ముందు వరసలో కూర్చునే రసికులు లేకపోతే పాడేవాళ్లు ఎవరికోసం పాడాలి? మన బడులు గాయకుల్ని తయారుచేయడానికే ఉన్నాయి, శ్రోతని తయారుచేసే కోర్సు మాత్రం నాకెక్కడా తగల్లేదు.

చెప్పక తప్పని చిక్కు ఒకటి, తల్లిదండ్రుల ఆశ. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పట్నుంచి ప్రతి తల్లి కళ్లలోనూ ఒక స్టేజి కనిపిస్తుంది. తప్పులేదు. కాని పిల్ల కళ్లలో ఏముందో కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో గ్యారీ మెక్‌ఫెర్సన్ అనే పరిశోధకుడు వాద్యం మొదలుపెట్టబోతున్న 157 మంది పిల్లల్ని, ఇంకా పాఠం మొదలవకముందే, ఎన్నాళ్లు వాయిస్తారనుకుంటున్నారు అని అడిగాడు. ఈ ఏడాదికి అన్నవాళ్లున్నారు, బడి అయ్యేదాకా అన్నవాళ్లున్నారు, జన్మంతా అన్నవాళ్లున్నారు. తర్వాత చూస్తే, సమానంగా సాధన చేసినా చాలాకాలం వాయిస్తామన్న పిల్లలు మిగతావాళ్లకంటే ఎంతో ముందున్నారు. అందుకే నేను మొదటిరోజు తల్లిని కాసేపు వరండాలో కూర్చోమంటాను. పిల్లతో ఒంటరిగా మాట్లాడతాను. అమ్మ లేనప్పుడు పిల్లలు నిజం చెప్తారు. ఒక బాబైతే "నాకు పాట వద్దు మేడమ్, డ్రమ్స్ కావాలి" అన్నాడు. మృదంగం చెప్పే మాస్టారి దగ్గరికి పంపించాను, అక్కడ హాయిగా ఉన్నాడు. తల్లికే పాడాలని ఉంటే తల్లినే చేరమంటాను. నవ్వులాట కాదు, అలా చేరినవాళ్లు ఉన్నారు. జపాన్‌లో సుజుకి గారి వయొలిన్ పద్ధతిలోనూ పిల్లకంటే ముందు తల్లో తండ్రో వాయించడం నేర్చుకోవాలి.

లక్ష్యం ఒక్కటే అయితే బోధన ఎంత తేలికో చూడాలంటే సైన్యంలోనే చూడొచ్చు. సైనిక బ్యాండులో చేరినవాళ్లకి పచ్‌మఢీలో ఆర్మీ సంగీత విభాగం ఉంది, అక్కడ శిక్షణ. స్టాఫ్ నొటేషన్ చదవాలి, కవాతు అడుగుకి లయ తప్పకూడదు, ఎండలో నిలబడి వాయించాలి. ఎందుకు నేర్చుకుంటున్నావని అక్కడ ఎవరూ అడగక్కర్లేదు, అందరికీ తెలుసు. బ్యాండులో సర్వీసు చేసి రిటైరైన ఒకాయన నా దగ్గరికి గాత్రానికి వచ్చారు. లయ ఇనపకడ్డీలా ఉంది ఆయనకి. గమకం మాత్రం రాదు, ప్రతి స్వరాన్నీ నిటారుగా నిలబెట్టేస్తారు. ఆయనకి తోడి రాగం జోలికి పోకుండా, నిటారు స్వరాలు అందంగానే ఉండే నొట్టుస్వరాలు ఇచ్చాను. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలకి సంస్కృత సాహిత్యం రాసినవి అవి. ఆయన మొహంలో వెలుగు చూడాలి!

త్యాగయ్యగారి కృతుల్నే తీసుకోండి. ఘనరాగ పంచరత్నాలు సాధన చేసినవాళ్లకి. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు నలుగురు కూర్చుని పాడుకునేవాళ్లకి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అని ఆయన అనుకున్నట్టు లేదు. మనమే వర్ణం దాకా వచ్చినవాణ్ణి విద్యార్థి అనీ, భజన నేర్చుకునేదాన్ని కాలక్షేపం అనీ రెండు పీటలు వేశాం. కాలక్షేపానికి వచ్చినవాళ్ల దగ్గర టీచరు అరమనసుతో చెప్పడం నాకు అసలు నచ్చదు. పాఠం ఏదైనా కానీ, శ్రుతిలో, లయలో మాత్రం ఎవరికీ రాయితీ లేదు. పెన్సిల్ గీతల అమ్మలైనా సరే తాళం తప్పితే మళ్లీ మొదట్నుంచే.

సంగీత కళాశాలల్లో, విశ్వవిద్యాలయంలో పరీక్షలు చూసేవాళ్లు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకొక మనవి. మా బొల్లారం చర్చి చుట్టుపక్కల కీబోర్డు నేర్చుకునే పిల్లలు లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడ్ పరీక్షలు రాస్తారు. ఒకటి నుంచి ఎనిమిది గ్రేడ్లు. మూడోది సికింద్రాబాద్‌లో రాసి నాలుగోది పుణేలో రాయొచ్చు. హిందూస్తానీకి గాంధర్వ మహావిద్యాలయ మండలి పరీక్షా కేంద్రాలు దేశమంతా ఉన్నాయి. కర్ణాటక సంగీతం నేర్చుకునే మన పిల్లకే రెండేళ్లు నేర్చుకున్నా చేతికి కాగితం రాదు. ఏ ఏటికి ఆ ఏడు తెగిపోయి, ఎక్కడికెళ్లినా మిగిలింది కొనసాగించుకునే పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు. సిలికానాంధ్ర వాళ్ల ‘సంపద’ సంగీత కార్యక్రమం ద్వారా అమెరికాలో పిల్లలు మన తెలుగు విశ్వవిద్యాలయం సంగీత పరీక్షలు రాశారు. కాలిఫోర్నియా దాకా వెళ్లిన పరీక్ష, మా హవల్దారు గారి అమ్మాయి వెంట తర్వాతి ఊరి దాకా వెళ్లలేదా?